ఎలుక జ్వరం ఎన్ని కేసులొస్తాయిరా అని పిన్ని అడిగింది

మొన్న పిన్ని ఫోన్ చేసి "ఏరా, మీ హాస్పిటల్‌కి ఈ ఎలుక జ్వరం కేసులు ఎన్నొస్తాయి, మా ఊళ్ళో మీ చిన్నాన్నకి తప్ప ఇంకెవరికీ వచ్చినట్టు వినలేదే" అంది. నేను విజయవాడ సూర్యారావుపేటలో ల్యాబ్ టెక్నీషియన్‌ని, పన్నెండేళ్ళుగా ఇదే పని, రోజూ జ్వరాల శాంపిళ్ళే చూస్తాను, అయినా ఠక్కున ఒక లెక్క చెప్పలేకపోయాను. ఎలుక జ్వరం అంటే లెప్టోస్పైరోసిస్, ఎలుక మూత్రం కలిసిన నీళ్ళ నుంచి అంటుకునే జబ్బు, మేం లెప్టో అంటాం.

చిన్నాన్న సంగతే చెప్తాను. వాళ్ళది తెనాలి దగ్గర పల్లెటూరు. పోయినేడు నాట్లప్పుడు మడిలో దిగి పని చేశాడు, కాళ్ళకి చెప్పుల్లేవు, మడమలు పగిలిపోయి ఉన్నాయి. పది రోజులకి చలి జ్వరం. ఊళ్ళో వైడాల్ చేయించి టైఫాయిడ్ అన్నారు, రెండు సెలైన్లు ఎక్కించారు. నాలుగో రోజు నా దగ్గరకి తీసుకొస్తే డెంగ్యూ నెగటివ్, మలేరియా నెగటివ్, ప్లేట్‌లెట్లు 70 వేలు, ఎందుకైనా మంచిదని ఎలుక జ్వరానికి చేసే రక్తపరీక్ష, లెప్టో ఐజీఎం ఎలైసా కూడా పెట్టాం, అదీ నెగటివ్. అందరం హమ్మయ్య అనుకున్నాం. ఆయన మాత్రం "పిక్కలు పట్టేస్తున్నాయిరా, అడుగు తీసి అడుగు వెయ్యలేకపోతున్నా" అంటూనే ఉన్నాడు, వంగి నాట్లేసిన నొప్పులే అన్నాం. కళ్ళు ఎర్రగా ఉంటే కళ్ళకలక అన్నాం, పుసి లేదని ఎవరం గమనించలేదు.

ఎనిమిదో రోజుకి ఒళ్ళంతా పసుపు, మూత్రం తగ్గిపోయింది. పిన్ని అప్పటికే పసరు మందుకి మనిషిని పంపింది, కామెర్లు కదా అని. మళ్ళీ తీసిన రక్తంలో కామెర్లు చూపే బిలిరుబిన్ 11, కిడ్నీల సంగతి చెప్పే క్రియాటినిన్ 4, కానీ లివర్ ఎంజైము ఎస్‌జీపీటీ 120 మాత్రమే. మామూలు కామెర్ల వైరస్ అయితే ఎస్‌జీపీటీ వందలు దాటి వేలల్లోకి పోతుంది, ఇక్కడ పసుపు అంతుంది గానీ ఎంజైములు అంతగా పెరగలేదు, పైగా కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఫిజీషియన్ గారు రిపోర్టు చూసి "మడిలో దిగుతారా మీరు?" అని ఒక్క ప్రశ్న అడిగి, ఎలైసా రాకముందే ఇంజెక్షన్లు మొదలుపెట్టేశారు. రెండో శాంపిల్ పాజిటివ్ వచ్చింది. రెండు డయాలసిస్‌లు పట్టాయి, మనిషి దక్కాడు.

అంటే మొదటి టెస్టు తప్పా? కాదు. ఎలైసా పట్టుకునేది క్రిమిని కాదు, దానికి మన ఒంట్లో తయారయ్యే యాంటీబాడీల్ని, అవి కనపడటానికి సుమారు వారం పడుతుంది. నాలుగో రోజు నెగటివ్ అంటే జబ్బు లేదని కాదు, ఇంకా తెలియలేదని. మొదటి వారంలో అయితే క్రిమినే వెతికే పీసీఆర్ టెస్టు పట్టగలదు గానీ అన్ని చోట్లా ఉండదు, ఖర్చూ ఎక్కువే. అసలు గట్టిగా తేల్చాలంటే పది పద్నాలుగు రోజుల తేడాతో రెండు శాంపిళ్ళు కావాలి, ఆ రెండోది దాదాపుగా ఎప్పుడూ రాదు, ఎందుకంటే జ్వరం తగ్గగానే పేషెంట్ ఇంటికెళ్ళిపోతాడు, మళ్ళీ రక్తమివ్వడానికి బస్సెక్కి ఎవరొస్తారు చెప్పండి. ఇంకో బాధ, ఎలైసా ప్లేటు ఒక్క శాంపిల్ కోసం తెరిస్తే కిట్టు వేస్టు, అందుకని నాలుగైదు పోగయ్యేదాకా ఆపుతారు. మంచం మీద మనిషి ఉండగా ఆ ఆగడం నాకు అస్సలు నచ్చదు.

అందుకే పిన్నికి లెక్క చెప్పలేకపోయాను. జ్వరంతో వచ్చిన ప్రతివాళ్ళకీ ఈ టెస్టు చేస్తే పాజిటివ్‌ల లెక్క ఒకలా వస్తుంది, కామెర్లు, కిడ్నీ రెండూ ఉన్నవాళ్ళకే చేస్తే అంతకంటే చాలా ఎక్కువొస్తుంది, డెంగ్యూ కార్డు టెస్టు ఒక్కటే చూసి వదిలేస్తే ఏమీ రాదు. దీనికి రివర్సు కూడా ఉంది, ఎలైసా పట్టుకునే ఐజీఎం యాంటీబాడీ కొంతమందిలో నెలల తరబడి ఉండిపోతుంది, ఏటా మడిలో దిగే మనిషికి పాతది ఈసారి జ్వరంలో బయటపడొచ్చు. ప్రపంచం మొత్తం మీద ఏటా 10 లక్షలకి పైగా కేసులు, దాదాపు 59 వేల మరణాలు అని ఒక అంచనా ఉంది, అదీ అంచనాయే.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు పొంగి మా విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం రోజుల తరబడి నీళ్ళల్లో ఉన్నప్పుడు నా భయమంతా నీళ్ళు తీశాక వచ్చే రోజుల గురించే. ఎలుక మూత్రం కలిసిన నీళ్ళల్లో తిరిగాక జ్వరం వెంటనే రాదు, మామూలుగా వారం రెండు వారాలు, ఒక్కోసారి నెల. అప్పటికి మెడికల్ క్యాంపులు ఎత్తేస్తారు, మనిషి కూడా ఆ నీళ్ళ సంగతి మర్చిపోతాడు. మన డెల్టాలో గట్ల మీద బుట్టలు పెట్టి ఎలుకలు పట్టే యానాదులు, డ్రైనేజీల్లో దిగే మున్సిపాలిటీ వర్కర్లు, వీళ్ళకి జ్వరమొస్తే రెండు గోళీలతో సరిపెట్టుకుంటారు, వాళ్ళ రక్తం మా ల్యాబ్ దాకా రావడమే తక్కువ, వాళ్ళని ఎవరు లెక్కేస్తారు. టెట్రాసైక్లిన్ జాతి మందు డాక్సీసైక్లిన్ మొదట్లోనే పడితే చాలామంది ఐసీయూ దాకా పోరు, ఖరీదైన మందు కూడా కాదు.

ఇప్పుడు నేను జ్వరం శాంపిల్ తీసుకునేటప్పుడు ఎన్నో రోజు జ్వరం, మడిలో గానీ వరద నీళ్ళల్లో గానీ దిగారా అని అడిగి ట్యూబు పక్కన స్లిప్పు మీద రాస్తున్నాను. అది నా పని కాదని ఒకరిద్దరు అన్నారు, రాస్తూనే ఉన్నాను.

చిన్నాన్న ఈ ఏడు మళ్ళీ మడిలో దిగాడు. బూట్లు కొనిచ్చాను గానీ బురదలో కూరుకుపోతున్నాయని గట్టు మీదే వదిలేస్తున్నాడట, మడమల పగుళ్ళకి ప్లాస్టర్ వేసుకుని, పైకి రాగానే బోరు దగ్గర సబ్బుతో కాళ్ళు కడుక్కుంటున్నాడని పిన్ని చెప్పింది. ఫోన్ పెట్టేసే ముందు పక్కింటి అబ్బాయికి నాలుగు రోజులుగా జ్వరమని, పిక్కలు లాగుతున్నాయంటున్నాడని కూడా అంది. రేపు పొద్దున బస్సుకే పంపించమన్నాను, డాక్టర్ గారికి నేనే చెప్తానని, నెగటివ్ వచ్చినా వారం తర్వాత ఇంకో శాంపిల్ ఇవ్వాలని, దానికి డబ్బులు నేను కడతానని కూడా చెప్పాను.