వెండి నీళ్లు పసుపు రంగు ఎందుకు వస్తాయి

ఇంట్లో కొల్లాయిడల్ సిల్వర్ (కంటికి కనిపించనంత సన్నటి వెండి రేణువులు తేలే నీళ్లు, కొందరు మందని తాగుతారు) చేసి చూసినవాళ్లు "పసుపుగా వచ్చింది మాస్టారూ, పాడైపోయిందా?" అని అడుగుతుంటారు. పాడవలేదు. వెండి రేణువులు తయారయ్యాయనడానికి ఆ పసుపే గుర్తు.

రెండు వెండి తీగలు డిస్టిల్డ్ వాటర్‌లో పెట్టి, 9 వోల్టుల బ్యాటరీలు మూడు వరసగా కలిపి కరెంటు ఇస్తే ప్లస్ వైపు తీగ నుంచి వెండి అయాన్లుగా, అంటే విద్యుదావేశం ఉన్న పరమాణువులుగా, నీళ్లలోకి దిగుతుంది, మైనస్ వైపు హైడ్రోజన్ బుడగలు వస్తాయి. అయాన్లకు రంగు లేదు. అవి మళ్లీ లోహంగా మారి 10, 20 నానోమీటర్ల (మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే ఒక భాగం ఒక నానోమీటరు) రేణువులైతే 400 నానోమీటర్ల దగ్గరి ఊదా వెలుగును పీల్చేస్తాయి, మిగిలిన వెలుగు మనకు పసుపుగా కనిపిస్తుంది. రేణువులు ఒకదానికొకటి అతుక్కుని పెద్దవైతే గోధుమ రంగు, తర్వాత బూడిద రంగు, చివరికి అడుగున మడ్డి.

మన శ్రీకాకుళం జిల్లాలో సముద్రం పక్క ఊళ్లలో కొన్ని బోర్ల నీళ్లు ఉప్పగా ఉంటాయి కదా, ఆ నీళ్లతో చేస్తే పసుపు రాదు, పాలు కలిపినట్టు తెల్లబడుతుంది. అది సిల్వర్ క్లోరైడ్. ఎండలో పెడితే ఊదా, బూడిద రంగుల్లోకి తిరుగుతుంది, ఎందుకంటే వెలుగు తగిలితే అందులోంచి వెండి విడిపోతుంది, పాత ఫొటో కాగితం పనిచేసిందీ ఇలాగే. పాత పట్టీలు వేసి చేయడం మాత్రం వద్దు, వాటిలో రాగి కలిసి ఉంటుంది, అదీ నీళ్లలోకి దిగుతుంది. రంగే లేని గ్లాసులో ఏముందో తెలియాలంటే చిటికెడు ఉప్పు వేయండి, తెల్లబడితే అయాన్లున్నట్టు. లేజర్ లైటు వేస్తే దారి గీతలా కనిపించిందా, రేణువులూ ఉన్నట్టే.

ఇదంతా పిల్లలకు చూపించడానికి చాలా బాగుంటుంది. తాగడానికి మాత్రం కాదు, ఏ రంగులో ఉన్నా సరే. ఇలాంటి మందులు సురక్షితమనీ పనిచేస్తాయనీ ఒప్పుకోలేమని అమెరికాలో మందులను పరిశీలించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 1999లోనే తేల్చేసింది. అక్కడే పాల్ కరాసన్ అనే ఆయన ఏళ్ల తరబడి వెండి వాడి ఒళ్లంతా నీలంగా మారిపోయాడు, 2013లో చనిపోయేదాకా ఆ రంగు పోలేదు. గ్లాసులో ఎండకు జరిగే పనే చర్మంలోనూ జరుగుతుంది: అక్కడ చేరిన వెండి వెలుగుకు నల్లబడి అలాగే ఉండిపోతుంది. ఉద్దానం వైపు కిడ్నీల భయంతో ఎవరేం చెప్పినా తాగడానికి సిద్ధపడేవాళ్లున్నారు, నాకు నిజంగా బాధేస్తుంది. కవిటిలోనో సోంపేటలోనో మీవాళ్లెవరైనా ఈ నీళ్లు తాగుతుంటే ఇవాళే మాన్పించండి, డాక్టరు దగ్గర ఆ సంగతి దాచకుండా చెప్పమనండి.