జానెడు దూరంలో గుద్దు

హాంగ్‌కాంగ్ వచ్చిన కొత్తలో నాకు కూరగాయల బేరానికి సరిపడా కాంటనీస్ కూడా రాదు. కానీ ఆ భాషలో రెండు మాటలు మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. "సౌ జాంగ్" అంటే మోచేయి. "ఫోంగ్ సుంగ్" అంటే వదులుగా ఉంచు, బిగించకు అని. వింగ్ చున్ అనే కుంగ్‌ఫూ నేర్పే మా సిఫూ, అంటే గురువుగారు, వారానికి రెండు సాయంత్రాలు నా మోచేతిని రెండు వేళ్ళతో లోపలికి నెడుతూ మొదటి మాట, భుజం మీద తడుతూ రెండో మాట అనేవారు. రెండేళ్ళుగా అంటూనే ఉన్నారు.

నేను చేరింది 2023 ఏప్రిల్‌లో. మార్చి 1న మాస్కుల నిబంధన ఎత్తేశారు, ఊళ్ళో అందరి మొహాలూ కొత్తగా కనిపిస్తున్న రోజులవి. మా ఆయన ఉద్యోగం కోసం వచ్చాం. నేను ఇంట్లో కూర్చుని హైదరాబాద్ ఆఫీసు పని చేస్తాను. అప్పటికి నాకు 39 ఏళ్ళు, ఎత్తు 4 అడుగుల 11 అంగుళాలు, రోజుకి పది గంటలు కుర్చీలోనే. మెడ పట్టేస్తోందని వెళ్తే డాక్టరు ఏదో ఒక వ్యాయామం చెయ్యమన్నారు. ట్రెడ్‌మిల్ ఎక్కి గోడని చూస్తూ నడవడం నా వల్ల కాలేదు.

క్లాసు యావ్ మా తేయ్‌లో, పండ్ల హోల్‌సేల్ మార్కెట్ దగ్గర, లిఫ్టు లేని పాత భవనంలో నాలుగో అంతస్తు. మెట్లెక్కుతుంటే దురియన్ వాసన మూడో అంతస్తు దాకా వెంటపడేది. గది మన ఇళ్ళలో వసారా అంత ఉంటుంది. ఒక గోడకి చేతులున్న చెక్కబొమ్మ, ఇంకో గోడకి గుడ్డసంచులు, మూలన వింగ్ చున్ మహాగురువు ఇప్ మాన్ ఫొటో, దాని ముందు అగరుబత్తులు. పదిమంది నిలబడితే మోచేతులు రాసుకుంటాయి. చైనాలోని ఫోషాన్ ఊళ్ళో ఆ చెక్కబొమ్మని నేలలో పాతేవారట. హాంగ్‌కాంగ్ అపార్ట్‌మెంట్లలో పాతడానికి నేలేదీ, అందుకని ఇక్కడ దాన్ని చెక్కల మధ్య బిగించి గోడకి వేలాడదీశారు. ఇప్ మాన్ కూడా ఫోషాన్ నుంచి వచ్చి 1950 ప్రాంతంలో షమ్ షుయ్ పో‌లోని రెస్టారెంటు కార్మికుల సంఘంలోనే నేర్పడం మొదలుపెట్టారు. 1972లో పోయారు.

అమ్మకి ఫోన్‌లో చెప్తే, "ఈ వయసులో కుంగ్‌ఫూ ఏంటే తల్లీ? అల్లుడుగారితో ఏమైనా గొడవా?" అంది.

వింగ్ చున్ అనేది ఒక అమ్మాయి పేరు. ఙ్ మూయ్ అనే బౌద్ధ సన్యాసిని ఆమెకి నేర్పిందని, ఆ అమ్మాయి తనని బలవంతంగా పెళ్ళాడబోయిన రౌడీని ఓడించిందని కథ. కథే, చరిత్ర అని ఒట్టేసి చెప్పలేం. అయినా పొట్టిదాన్ని కాబట్టి నాకు నచ్చింది. నా అసలు ఆశ మాత్రం వేరే. 1964లో లాంగ్ బీచ్ కరాటే పోటీల్లో బ్రూస్ లీ అంగుళం దూరం నుంచి గుద్ది ఒక మనిషిని కుర్చీలో కూలేసిన సంగతి నాకు చిన్నప్పటి నుంచీ పిచ్చి. ఎందుకు నేర్చుకుంటావని సిఫూ అడిగితే అదే చెప్పాను. పక్కనున్న కుర్రాడు తర్జుమా చేశాడు. క్లాసంతా నవ్వింది. సిఫూ నవ్వలేదు, "ముందు నిలబడు" అన్నారు.

ఆ కుర్రాడికి 22 ఏళ్ళు, నా మేనల్లుడి ఈడు. అతన్ని నేను "సిహింగ్" అనాలి, అంటే అన్న. సిఫూలో "ఫూ" అంటే తండ్రి. ఆయన భార్య సిమో, ఆయన గురువు సిగుంగ్, అంటే తాతగారు. వరసలన్నీ చేరిన తేదీని బట్టే, వయసుతో పని లేదు. మనకి వరసలు కొత్త కాదు కాబట్టి అది మాత్రం తేలిగ్గానే పట్టుబడింది.

నిలబడడం పట్టుబడలేదు. పాదాల ముందు భాగాలు లోపలికి తిప్పి, మోకాళ్ళు దగ్గరకి తెచ్చి, నడుము కాస్త ముందుకి పెట్టాలి. ఆ నిలువు పేరుకి మేకని కాళ్ళ మధ్య ఇరికించి పట్టుకోవడం అని అర్థం. గొర్రెలకి ఉన్ని కత్తిరించేటప్పుడు మన కాపరులు పట్టుకున్నట్టే అనుకోండి. అలా నిలబడి సియు నిమ్ తౌ అనే మొదటి ఫామ్, అంటే వరసగా చేసే కదలికల పాఠం, చెయ్యాలి. "చిన్న ఆలోచన" అని దాని అర్థం. అడుగు కదలదు, చేతులు మాత్రమే కదులుతాయి. మొదట ఎడమ చెయ్యి, తర్వాత కుడి. మొదటి భాగంలో వంచిన మణికట్టు ముందుకి, వెనక్కి మూడుసార్లు నత్తలా వెళ్తుంది. దానికి "బుద్ధుడికి మూడు దండాలు" అని పేరు. వెళ్ళేటప్పుడల్లా మోచెయ్యి ఛాతీ మధ్యకి రావాలి, భుజం లేవకూడదు. నాలుగు నెలలు ఇంతే. గుద్దు లేదు, తన్ను లేదు. ఫీజు కట్టి దండాలు పెట్టడమేంటని మా ఆయన ఎగతాళి.

ఈ మోచేతి గొడవ ఏంటో నాకు ఆగస్టులో, సిఫూ గుద్దు నేర్పినప్పుడు తెలిసింది. మామూలుగా మనం కొట్టాలంటే చెయ్యి వెనక్కి లాగుతాం, భుజం ఊపుతాం, ఆ ఊపుకి మూరెడు దూరమన్నా కావాలి. ఇక్కడ ఎదుటి మనిషి జానెడు దూరంలో ఉంటాడు. లాగే చోటే లేదు. చెయ్యి ఎక్కడుందో అక్కణ్ణుంచే పోవాలి. అలా పోవాలంటే పిడికిలి వెనక మోచెయ్యి ఉండాలి, బండి వెనక తోసేవాడు ఉన్నట్టు. మోచెయ్యి బయటికి జరిగిందా, తోపు పక్కకి పోతుంది. పిడికిలి అడ్డంగా తిప్పరు, నిలువుగా ఉంచుతారు. చైనా లిపిలో సూర్యుడికి రాసే అక్షరం నిలువు డబ్బాలా ఉంటుంది, దాని పేరే ఈ గుద్దుకి పెట్టారు. తగలాల్సింది కింది మూడు కణుపులు. ఎక్కడికంటే, ఎదుటివాడి రొమ్ము నడిమికి. నా రొమ్ము నడిమి నుంచి అక్కడికి గీసిన గీత మీదే చెయ్యి వెళ్ళాలి, రావాలి.

వినడానికి బాగానే ఉంది. చేస్తే నా భుజం చెవి దగ్గరికొచ్చేది. బలంగా కొట్టాలన్న ఆలోచన రాగానే చెయ్యంతా కర్రలా బిగుసుకునేది. "ఫోంగ్ సుంగ్" అనేవారు సిఫూ. వదిలితే బలమెక్కణ్ణుంచి వస్తుందో నాకు అర్థం కాలేదు. ఒక రాత్రి వంటింట్లో చిన్న రోట్లో మిరియాలు దంచుతుంటే అమ్మమ్మ గుర్తొచ్చింది. చిన్నప్పుడు సెలవులకి వెళ్ళినప్పుడు అటుకులు దంపుతానని రోకలి పట్టుకుని పది పోట్లకే అలిసిపోయాను. "రోకలిని నువ్వు తొయ్యకే, అదే పడుతుంది. పడేటప్పుడు పట్టు" అంది ఆవిడ. పైకెత్తేటప్పుడు ఆవిడ వేళ్ళు రోకలి చుట్టూ ఊరికే ఉండేవి. తగిలే క్షణంలో మాత్రం బిగిసేవి, మళ్ళీ వదిలేసేవి. మర్నాడు క్లాసులో గోడసంచి ముందు అలాగే చేశాను. చప్పుడు మారింది. అంతకుముందు "ధబ్" అనేది "టప్" అంది. సిఫూ స్టూలు మీంచి తలెత్తి చూశారు, ఏమీ అనలేదు. అది నాకు సర్టిఫికెట్‌తో సమానం.

గోడసంచి అంటే మందపాటి కాన్వాస్ గుడ్డతో కుట్టిన మూడు అరల సంచి, గోడకి ఆనుకుని ఉంటుంది. కొందరు ఇసక పోస్తారు, మా దాంట్లో పెసలు. పెసరట్టుకి నానబోయాల్సినవాటిని రోజూ గుద్దుతున్నానని అమ్మకి చెప్తే, "అన్నం పెట్టేదాన్ని కొడతారా ఎవరైనా" అని నిజంగానే బాధపడింది. ఆ చప్పుడు మారిన ఉత్సాహంలో వారం రోజులు లెక్క లేకుండా కొట్టాను. మణికట్టు ఒకసారి కిందికి మడత పడింది. వాచింది. సిఫూ గోధుమరంగు మందు సీసా ఇచ్చారు, దెబ్బలకి రాసుకునే తిత్ తా జౌ, మూలికలు సారాలో ఊరబెట్టింది. పడకగదిలో ఆ కంపు భరించలేక మా ఆయన రెండు వారాలు హాల్లో పడుకున్నారు. కీబోర్డు మీద ఒంటి చేత్తో కొడుతూ ఆఫీసులో ఏదో అబద్ధం చెప్పాను. ఎవరన్నా మొదలుపెడుతుంటే నేను చెప్పేది ఒకటే: సంచిని మెల్లగా, తక్కువగా కొట్టండి. కణుపులకన్నా ముందు మణికట్టు చెడుతుంది.

అసలు కష్టం ఆ తర్వాత వచ్చింది. గాల్లో గుద్దడం వేరు, గోడని గుద్దడం వేరు, మనిషి చేతులు అడ్డంగా ఉన్నప్పుడు గుద్దడం వేరు. దానికి చీ సౌ. అంటుకున్న చేతులు అనొచ్చు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ముంజేతులు ఆనించి గుండ్రంగా తిప్పుతుంటారు. ఒక చెయ్యి అరచేయి పైకి ఉండే తాన్ సౌ, మోచెయ్యి లేచే బోంగ్ సౌ మధ్య మారుతుంటుంది, రెండోది పైనుంచి ఆని ఉండే ఫూక్ సౌ. ఎక్కడ సందు దొరికితే అక్కడ కొట్టాలి. ఇంత దగ్గర్లో కంటితో చూసి అడ్డుకుందామనుకుంటే అప్పటికే దెబ్బ తగిలి ఉంటుంది. చర్మంతో తెలుసుకోవాలి.

నా జోడీ మినీబస్సు నడిపే సిహింగ్, 50 దాటినాయన. ఆయన నన్ను "సిమూయ్" అంటారు, చెల్లి అని. మొదటి రోజు ఆయన చేతుల్ని నా శక్తికొద్దీ తోశాను. ఆయన చెయ్యి తీసేశారు. అంతే, ఆయన మీదికి తూలిపడ్డాను, దారిలో ఆయన పిడికిలి నా రొమ్మెముకకి మెత్తగా ఆనింది. తోయడం మానేశాను. ఈసారి ఆయన నేరుగా లోపలికొచ్చేశారు. గట్టిగా ఉంటే తప్పు, మెత్తగా ఉంటే తప్పు, ఏం చెయ్యమంటారని విసుక్కుంటే, సిఫూ గోడ మీద కాగితానికి వేలు చూపించారు. ఎనిమిది అక్షరాలు: లోయ్ లౌ హోయ్ సుంగ్, లత్ సౌ జిక్ చుంగ్. కుర్రాడు తర్జుమా చేసింది ముక్కలు ముక్కలుగా ఉంది కానీ, నాకు తెలుగులో చక్కగా అమరింది. వచ్చినవాణ్ణి ఉండమను, వెళ్ళేవాణ్ణి సాగనంపు, చెయ్యి విడివడితే నేరుగా దూసుకుపో. మొదటి రెండూ చుట్టాల మర్యాదలే! చెయ్యి వస్తే ఆపి ఉంచుకోవాలి, వెనక్కి పోతే గుమ్మందాకా వెంటవెళ్ళాలి, మధ్యలో అడ్డు తొలిగితే మాత్రం మర్యాద లేదు.

తెలియడానికీ రావడానికీ మధ్య ఏడాది పట్టింది. కళ్ళకి తువ్వాలు కట్టి తిప్పించారు. రొమ్ము మీద రోజూ రూపాయి బిళ్ళంత నీలి మచ్చ. ఆడదాన్నని సిహింగ్‌లు చెయ్యి ఆపితే సిఫూ వాళ్ళనే తిట్టేవారు.

ఇంకో మాట దాచకుండా చెప్పాలి. ఒక శనివారం బాక్సింగ్ నేర్చిన ఒకమ్మాయి వచ్చింది. సరదాగా గ్లవ్స్ వేసుకుని ఆడాం. నా జానెడు దూరం విద్య ఆ అమ్మాయి దగ్గర పనిచెయ్యలేదు, ఎందుకంటే తను నన్ను జానెడు దూరానికి రానిస్తేగా. దూరం నుంచే ముక్కు మీద పొడిచి వెళ్ళిపోయేది. చేతులు తగిలిన రెండుసార్లు మాత్రం నాదే పైచెయ్యి. దగ్గరికి ఎలా చేరాలన్నది వేరే చదువు. రెండో ఫామ్ చుమ్ కియు ఉన్నది దానికేనట, పేరుకే "వంతెన వెతకడం" అని అర్థం. అప్పటికి నేను దాని మొదట్లోనే ఉన్నాను.

అంగుళం గుద్దు సంగతి. కిందటేడు చైనా కొత్త సంవత్సరం విందు తర్వాత సిఫూ హుషారుగా ఉన్నప్పుడు మళ్ళీ అడిగాను. ఒక లావుపాటి పత్రికల కట్ట నా రొమ్ముకి ఆనించి పట్టుకోమన్నారు. పిడికిలి దాని మీద పెట్టారు. ఆయన భుజం కదల్లేదు, మోకాలు కొంచెం కదిలినట్టుంది. నేను మూడడుగులు వెనక్కి వెళ్ళి సిమో మీద పడ్డాను. అందరూ చప్పట్లు. "ఇంకోటి" అన్నారు. ఈసారి నేను ఉన్నచోటనే ఉన్నాను, కానీ ఊపిరి ఆగిపోయింది, కాసేపు మాట రాలేదు. మొదటిది తోపు, చూసేవాళ్ళ కోసం. రెండోది దెబ్బ, తినేవాడికే తెలుస్తుంది. నేలనుంచి మోకాలికి, నడుముకి, మోచేతికి వచ్చిన బలం ఆఖరి క్షణంలో పిడికిలి బిగియడంతో ఒక్కసారిగా దిగుతుంది. దీన్ని ఛున్ గింగ్ అంటారు, ఛున్ అంటే వాళ్ళ అంగుళం. హాంగ్‌కాంగ్ పాత కొలతల్లో అది దాదాపు 3.7 సెంటీమీటర్లు, మన అంగుళం కన్నా సెంటీమీటరుకి పైనే ఎక్కువ. ఆ వెసులుబాటు ఇచ్చినా నాకు రావడం లేదు. ప్రస్తుతం నా గుద్దుకి బెత్తెడు కావాలి.

మొన్న మార్చిలో ఒక సాయంత్రం మినీబస్సు సిహింగ్‌తో తిప్పుతున్నాను. మనసు సగం ఇంట్లో ఉంది, పప్పు నానబెట్టానా లేదా అని. ఆయన కుడిచెయ్యి ఎందుకో ఒక్క క్షణం నా ముంజేతి మీంచి జారింది. చూసేసరికి నా పిడికిలి ఆయన రొమ్ము మీద ఉంది. ఎప్పుడు వెళ్ళిందో నాకు తెలీదు. ఆయన అడుగు వెనక్కి వేసి, రొమ్ము రుద్దుకుంటూ, "హో! సిమూయ్!" అన్నారు నవ్వుతూ. బాగుందని.

నేను సిఫూ వైపు చూశాను. ఆయన టీ కప్పు దించకుండానే అన్నారు, "సౌ జాంగ్."

నిజమే, మోచెయ్యి కాస్త బయటికే ఉంది. మిగిలిన అరగంటా మళ్ళీ అదే గుద్దు కోసం కాచుకుని కూర్చున్నాను. భుజం లేచింది, చెయ్యి బిగిసింది, సిహింగ్ నన్ను ఆరుసార్లు కొట్టారు. పప్పు కూడా నానబెట్టలేదు.