గ్రైండర్‌తో కోసిన స్ప్రింగు

నెల్లూరు ఆటోనగర్‌లో ఇవాళ ఒక కారుకి జాకీ ఎత్తగానే ముందు స్ప్రింగు తను కూర్చునే గిన్నె (సీటు) వదిలి లొటలొటా ఆడింది. కారు ఎత్తు తగ్గించడానికి స్ప్రింగులో చుట్టున్నర గ్రైండర్‌తో కోసేసున్నారు. కోసిన కొస వేడికి నీలం తిరిగింది.

కారు ఎత్తు తగ్గించాలంటే ఆ మోడల్‌కి చేసిన లోయరింగ్ స్ప్రింగులే వేయించండబ్బా, 30 మి.మీ. చాలు. పొట్టిగా ఉన్నా గట్టిగా ఉంటాయి.

స్ప్రింగు మార్చేటప్పుడు దాన్ని నొక్కిపట్టే కంప్రెసర్ రెండు పక్కలా సమంగా బిగించి, స్ప్రింగు సీట్లో వదులయ్యాకే స్ట్రట్ (స్ప్రింగు, షాకబ్జార్బరు కలిసుండే భాగం) పై నట్టు విప్పాలి. ముందే విప్పితే ప్రాణం మీదికొస్తుంది.

చక్రాన్ని కింద పట్టుకునే లోయర్ ఆర్మ్‌కి ఉండే రబ్బరు బుష్‌ల బోల్టులు మాత్రం చక్రాలు నేలకి ఆనాకే పూర్తిగా బిగించాలి. కారు గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి తొందరగా చిరిగిపోద్ది. చాలా షెడ్లలో ఇదే వదిలేస్తారు.

చక్రాల అలైన్‌మెంట్ కూడా వెంటనే చేయించండి, లేకుంటే టైరు లోపలి అంచు అరిగిపోద్ది.