బ్రేక్ ఆయిల్ 940

నవంబర్ 8, శనివారం, విజయవాడ.

రెండో శనివారం, బ్యాంకుకి సెలవు. సెలవు రోజున చేద్దామని దాచిపెట్టుకున్న పనులన్నీ కట్టగట్టుకుని మీద పడే రోజు. పొద్దున ఎనిమిదిన్నరకే కారు సర్వీసింగ్‌కి ఇచ్చేసి ఆటోలో ఇంటికొచ్చాను. వచ్చే ఆదివారం అత్తయ్యని తీసుకుని శ్రీశైలం బయల్దేరాలి. కార్తీకంలో ఆఖరి సోమవారం మల్లన్న దర్శనం చేసుకోవాల్సిందేనని ఆవిడ పట్టు. మావారు ఆడిట్ పని మీద చెన్నైలో ఉన్నారు, వచ్చే శనివారం రాత్రికి గానీ రారు. బండి సంగతి నువ్వు చూసుకో అన్నారు. చూసుకుంటాను, బండి నాదే కదా. 2019లో నా పేరు మీద, నా స్టాఫ్ లోన్‌తో కొన్నది.

పదకొండూ నలభైకి ఫోనొచ్చింది. అత్తయ్యా నేనూ ఉసిరికాయలు తుడిచి గాట్లు పెడుతున్నాం. చేతులు తడిగా ఉన్నాయని స్పీకర్‌లో పెట్టాను.

"మేడమ్, బండి చెక్ చేశాం. కొన్ని ఎక్స్‌ట్రా పనులు వచ్చాయి. వాట్సాప్‌లో ఎస్టిమేట్ పెట్టాను. మీరు ఓకే అంటే సాయంత్రానికి డెలివరీ ఇచ్చేస్తాం."

పొద్దున రాసిచ్చిన అంచనా 6,200. ఇప్పుడు దాని కింద ఏడు వరసలు కొత్తగా చేరాయి. ఇంజిన్ ఫ్లష్ 590. ఇంజిన్‌లోకి గాలి వెళ్లే థ్రాటిల్ బాడీ క్లీనింగ్ 1,120. ఏసీ క్లీనింగ్ 1,650. అండర్ బాడీ కోటింగ్ 4,400. ముందు బ్రేక్ ప్యాడ్లు 2,780. వీల్ అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ 1,250. అన్నిటికంటే కింద బ్రేక్ ఆయిల్ 940. మొత్తం 12,730. అసలు సర్వీసుకి రెండింతలు!

"ఇవన్నీ ఇప్పుడే చేయించాలా?" అన్నాను.

"లాంగ్ వెళ్తున్నామన్నారు కదా మేడమ్. ఘాట్ రోడ్డు. పైగా మొన్న మొంథా తుఫానుకి బండి నీళ్లలో తిరిగి ఉంటుంది, కింద తుప్పు పట్టేస్తుంది. సేఫ్టీ దగ్గర చూసీ చూడనట్టు ఉండకూడదు."

శ్రీశైలం వెళ్తున్నామని పొద్దున జాబ్ కార్డు రాయించేటప్పుడు నేనే వాగాను. తుఫాను రెండు రోజులూ బండి మా సెల్లార్లో కదలకుండా ఉంది, ఆ సెల్లార్లోకి చుక్క నీరు రాలేదు. ఆ మాటే చెప్పాను. అతను ఒక్క క్షణం ఆగి, "పోనీ సార్ నంబర్ ఇస్తారా మేడమ్, సార్‌తో మాట్లాడతాను" అన్నాడు.

అంతే, నాకు చిర్రెత్తుకొచ్చింది. "సార్‌కి ఈ బండి సంగతి తెలియదు. ఇవేమీ వద్దు. పొద్దున రాసుకున్న సర్వీస్ ఒక్కటి చేసి ఇవ్వండి" అని ఫోన్ పెట్టేశాను. ఉసిరికాయకి గాటు కాస్త లోతుగానే పడింది.

అత్తయ్య తల ఎత్తకుండా, "బ్రేకులని ఏదో అన్నాడు కదమ్మా" అంది.

ఆ మాటకి మనసు ఊరుకోలేదు. చేతులు కడుక్కుని ఆటోనగర్ మేస్త్రిగారికి ఫోన్ చేశాను. మామయ్యగారి అంబాసిడర్ కాలం నుంచీ తెలిసిన మనిషి. ఇప్పుడు షెడ్డు కొడుకు చూసుకుంటున్నాడు, ఈయన గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. మరి బండి ఆయన దగ్గరికే ఎందుకు తీసుకెళ్లరు అంటే, సర్వీస్ రికార్డు ఉంటే అమ్మేటప్పుడు రేటు వస్తుందని మావారి లెక్క.

ఒక్కో వరసా చదివి వినిపించాను.

"ఫ్లష్షా? ఆయిలు ఏటా మారుస్తున్నారుగా?" మారుస్తున్నాం. "మరి లోపల కడగడానికి ఏముంటుందమ్మా. ఏళ్ల తరబడి ఆయిలు మార్చని బండికయితే అడుగున గమ్ములా పేరుకుంటుంది. పాత ఆయిల్లో మందు కలిపి, పది నిమిషాలు ఇంజిన్ ఆడించి, దించేస్తారు. నీ బండికెందుకు."

థ్రాటిల్ బాడీ అనేసరికి, "సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు బండి వణుకుతోందా? ఆర్‌పీఎం ముల్లు పైకీ కిందకీ ఊగుతోందా?" అని అడిగాడు. లేదు. "అయితే దాని జోలికి పోకు." ఏసీ చల్లగా వస్తోందా, ముక్క వాసనేమైనా వస్తోందా అన్నాడు. వాసన లేదు. డ్యాష్‌బోర్డు వెనక ఉండే ఫిల్టర్ పోయిన సర్వీసులోనే మార్చారు. కోటింగ్ మాట వినగానే నవ్వాడు, అంతకు మించి ఏమీ అనలేదు. స్టీరింగ్ వదిలితే హైవే మీద బండి కాస్త ఎడమకి పోతోందని నేనే చెప్పాను, బెంజ్ సర్కిల్ దాటాక ఒక గుంతలో గట్టిగా పడ్డప్పటి నుంచీ. "అలైన్‌మెంట్ చేయించుకో, లేకపోతే టైరు లోపలి అంచు అరిగిపోద్ది."

ప్యాడ్లు కళ్లతో చూడకుండా చెప్పలేనన్నాడు. తర్వాత అడిగాడు: "బ్రేక్ ఆయిలు ఎప్పుడు మార్చారు?"

నా దగ్గర జవాబు లేదు.

"రెండేళ్లయితే మార్చెయ్యాలమ్మా. బండి తిరిగినా తిరక్కపోయినా. గాల్లో చెమ్మ లాగేసుకుంటది అది. అసలే మనది విజయవాడ."

బీరువా మీదున్న బిల్లుల సంచీ దించాను. ఆరేళ్ల బిల్లులు, టోల్ రసీదులు, ఎందుకు దాచానో తెలియని ఒక చీరల షాపు కవరు. 2021 బిల్లులో బ్రేక్ ఆయిల్ మార్చినట్టు ఉంది. 2022లో లేదు, అవసరం లేదు కాబట్టి. 2023 బిల్లులోనూ లేదు. ఆ బిల్లుకి పిన్ను కొట్టి ఆ రోజు ఎస్టిమేట్ కాగితం ఉంది. అందులో అండర్ బాడీ కోటింగ్, ఇంజిన్ ఫ్లష్, ఇంకా ఏవో పాలిష్‌లు, వాటి మధ్యలో బ్రేక్ ఆయిల్. అన్నిటి మీదా పైనుంచి కిందకి ఒకటే అడ్డగీత. నీలం ఇంకు, పక్కన నా పొట్టి సంతకం. ఆ గీత కొట్టినప్పుడు నన్ను చూసి నేను మురిసిపోయి ఉంటాను, మోసపోలేదని.

2024లో వాళ్లు అడగలేదు, నేను చూడలేదు. అంటే నాలుగేళ్లుగా అదే ఆయిల్.

బండి మాన్యువల్ బండిలోనే ఉంటుంది కదా. కంపెనీ సైట్‌లో వెతికి ఫోన్‌లోకి దించుకున్నాను. చివర్లో సర్వీస్ పట్టిక ఉంది. ఇన్ని కిలోమీటర్లు లేదా ఇన్ని నెలలు, ఏది ముందైతే అది. బ్రేక్ ఆయిల్ దగ్గర 40,000 కిలోమీటర్లు లేదా 24 నెలలు. ఇంజిన్ ఫ్లష్ అనే మాట మొత్తం పుస్తకంలో ఎక్కడా లేదు. థ్రాటిల్ బాడీ శుభ్రం చేయమని పట్టికలో లేదు. ఇన్నేళ్లలో ఈ పట్టిక తెరవడం ఇదే మొదటిసారి. రుణం ఇచ్చే ముందు అందరినీ షరతులు చదవమని చెప్పేదాన్ని!

అన్నం తిని, క్యాబ్ పట్టుకుని నేనే వెళ్లాను. ఫోన్‌లో మాట్లాడితే మళ్లీ "సార్ నంబర్" అంటాడేమోనని.

"లోపలికి కస్టమర్లని పంపం మేడమ్" అన్నాడు ఆ అడ్వైజర్. ముప్పై కూడా ఉండవు, మెడలో ట్యాగు, చేతిలో ట్యాబు. ప్యాడ్లు చూపిస్తేనే మాట్లాడదాం అన్నాను. రెండు నిమిషాలు అటూ ఇటూ చూసి తీసుకెళ్లాడు.

బండి లిఫ్ట్ మీద ఉంది. ముందు చక్రం ఊడదీసి ఉంది. అక్కడ పని చేస్తున్న కుర్రాడికి ఇరవై ఏళ్లుంటాయేమో. ప్యాడ్ ఏదో చూపించు బాబూ అంటే టార్చి వేసి చూపించాడు. "కొత్తది పది మిల్లీమీటర్లు దాకా ఉంటుంది మేడమ్, మూడుకి వస్తే మార్చాలి." మరి ఇదెంత ఉంది? కుర్రాడు అడ్వైజర్ వైపు చూశాడు. అడ్వైజర్ ట్యాబు వైపు చూశాడు. "సగం పైనే ఉంది" అన్నాడు కుర్రాడు మెల్లిగా. అరిగిపోయే దశకి వస్తే దానికుండే చిన్న రేకు డిస్కుకి తగిలి కీచుమంటుందట. ఇంకా ఆ మోత దూరంలోనే ఉందన్నమాట.

బ్రేక్ ఆయిల్ చూపించమన్నాను. బానెట్ ఎత్తి, చిన్న డబ్బా మూత తీశాడు. కొత్త ఆయిల్ లేత పసుపు రంగులో ఉంటుందట. ఇది కాఫీ డికాషన్‌లా ఉంది. రంగు చూసి చెప్పడం కుదరదని, చెమ్మ కొలిచే పెన్నులాంటి పరికరం ఒకటి తెచ్చి ముంచాడు. దాని మీద వరసగా చిన్న లైట్లు. పచ్చ, పసుపు దాటి ఎర్రది వెలిగింది.

"ఘాట్‌లో దిగేటప్పుడు బ్రేక్ మీదే కాలుంటుంది కదా మేడమ్. చక్రం దగ్గర వేడెక్కిపోద్ది. ఆయిల్లో నీళ్లుంటే తొందరగా మరిగి ఆవిరి బుడగలు వచ్చేస్తాయి. ఆయిల్ నొక్కుకుపోదు, బుడగ నొక్కుకుపోద్ది. కాలు కిందకి పోద్ది గానీ బండి ఆగదు." కాసేపాగి, "దిగేటప్పుడు రెండో గేరులో దిగండి" అన్నాడు. ఆ పక్కనే ఉన్న కొత్త డబ్బా మీద డాట్ 4 అని ఉంది. తర్వాత చూశాను, ఆ రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, చెమ్మ పట్టాక ఆ హద్దు 155కి పడిపోతుంది. దోర్నాల దాటాక నల్లమల మలుపులు కళ్ల ముందు తిరిగాయి. వెనక సీట్లో అత్తయ్య, ఆవిడ ఒళ్లో పూజ సంచీ.

అలైన్‌మెంట్, బ్రేక్ ఆయిల్, ఈ రెండూ చేయమన్నాను. అడ్వైజర్ మిగతావాటి గురించి మళ్లీ అడగలేదు.

చేసేదాకా అక్కడే కూర్చున్నాను. టీ ఇచ్చారు. గాజు తలుపు అవతల వాళ్ల ఆఫీసు గది, గోడకి తెల్లబోర్డు. ఎడమ వైపు పేర్లు, పైన తేదీలు, గడుల్లో అంకెలు. కొన్ని గడులు ఎర్ర మార్కరుతో చుట్టి ఉన్నాయి. బోర్డు పైన వీఏఎస్ అని రాసి ఉంది. వాల్యూ యాడెడ్ సర్వీస్, అంటే అసలు సర్వీసు మీద అమ్మే ఎక్స్‌ట్రా పనులు. మా అడ్వైజర్ వరసలో చాలా గడులు ఖాళీగా ఉన్నాయి.

అచ్చం అలాంటి బోర్డు మా మేనేజర్ గదిలో ఉంది. అందులో నా పేరు ఉంది. అక్కడ ఉండేవి ఇన్సూరెన్స్ పాలసీలు. లాకర్ అడగడానికి వచ్చినవాళ్లకి, లోన్ కోసం వచ్చినవాళ్లకి, "మీ మంచికే చెప్తున్నానండీ" అంటూ నేను మొదలుపెట్టే ధోరణి కూడా అచ్చం పొద్దున ఫోన్లో విన్నదే. మనిషి భయం ఎక్కడుందో పసిగట్టి అక్కడి నుంచి అందుకోవడం. అతనికి ఘాట్ రోడ్డు దొరికింది. నాకు పిల్లల చదువులు దొరుకుతాయి.

పటమట రైతుబజార్లో కూరగాయలు అమ్మే ఒకావిడ మా బ్రాంచికి వస్తుంది. ఒకసారి ఆవిడకి ఏడాదికి పాతిక వేలు కట్టే పాలసీ అంటగట్టబోయాను, నెలాఖరు ఒత్తిడిలో. ఆవిడ తప్పించుకుంది. తర్వాతి నెల నిజంగానే ఆవిడకి పనికొచ్చే ప్రధానమంత్రి సురక్షా బీమా గురించి చెప్పాను. ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో ప్రాణం పోతే ఇంట్లోవాళ్లకి 2 లక్షలు. తెల్లారకుండానే సరుకు కోసం ట్రాలీ ఆటో ఎక్కి వెళ్లే మనిషి. "మీ పాలసీలు మాకొద్దమ్మా" అని పాస్‌బుక్ తీసుకుని వెళ్లిపోయింది. అప్పుడు ఆవిడ తెలియనితనం అనుకున్నాను. టీ చల్లారిపోయింది.

ఈసారి కనిపిస్తే ఆ 20 రూపాయల కాగితం ఒక్కటే ముందు పెట్టాలి. పక్కన ఇంకేమీ పెట్టకూడదు. పెట్టకుండా ఉండగలనా అంటే, నెల మొదటి వారంలో అయితే ఉండగలను.

ఐదున్నరకి బండి ఇచ్చారు. పెడల్ తొక్కితే గట్టిగా, పైనే పట్టుకుంటోంది. నాలుగేళ్లుగా కొంచెం కొంచెంగా మెత్తబడుతూ వచ్చింది కాబట్టి తేడా నాకెప్పుడూ తెలియలేదు. హైవే మీద స్టీరింగ్ ఒక్క క్షణం వదిలి చూశాను. తిన్నగా పోయింది.

ఇంటికొచ్చాక బిల్లు సంచీలో పెట్టబోతూ కూడితే లెక్క కలవలేదు. 8,390 రావాలి, 8,626 కట్టాను. రెండో పేజీలో చిన్న అక్షరాల్లో ఉంది, ఏసీ డిసిన్‌ఫెక్టెంట్ స్ప్రే, జీఎస్టీతో కలిపి 236. ఫోన్ తీశాను. ఆ బోర్డు మీది ఖాళీ గడులు గుర్తొచ్చాయి. అతని మీద జాలా, నా మీద నాకు సిగ్గా తెలియదు, ఫోన్ పక్కన పెట్టేశాను. సోమవారం చేస్తానేమో. చేయాలి కూడా.

రాత్రి అత్తయ్య బండిలో మరిచిపోయిన శాలువా తెచ్చుకోవడానికి కిందకి దిగి, ముక్కు మూసుకుని పైకి వచ్చింది.

"ఏంటమ్మా బండిలో ఆ సెంటు వాసన, తల తిరిగిపోతోంది."

"236 రూపాయల వాసన అత్తయ్యా" అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు. కిందకి వెళ్లి నాలుగు అద్దాలూ దించి, కాసేపు సెల్లార్లో దోమలు కొట్టుకుంటూ నిలబడ్డాను. ఉసిరికాయల్లో ఉప్పు ఇంకా కలపలేదు.