స్టడీ సర్టిఫికెట్ కోసం తాకట్టుకు వెళ్లిన గాజులు

మా అమ్మాయిని రాష్ట్రస్థాయి ఆర్టిస్టిక్ స్కేటింగ్ పోటీలకు నమోదు చేయించే పని ఎట్టకేలకు పూర్తయింది. విజయనగరం నుంచి ఈ ఆటకు పిల్లలను పంపదలచిన తల్లిదండ్రులకు పనికివస్తుందని, కోపం చల్లారకముందే రాస్తున్నాను.

అమ్మాయి మొదట మోజుపడింది టీవీలో చూసిన మంచుమీది ఫిగర్ స్కేటింగ్ మీద. మన దేశంలో పెద్ద మంచు రింకు అంటే 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం డెహ్రాడూన్‌లో కట్టినది గుర్తుకొస్తుంది. అది కూడా చాలా ఏళ్లు మూతబడే ఉంది. అందుచేత నాలుగు చక్రాల బూట్లతో నేలమీదనే ఆ గిరికీలూ గెంతులూ నేర్పించే ఆర్టిస్టిక్ స్కేటింగ్ దారి పట్టాము. హైదరాబాదుకు చెందిన అనూప్ కుమార్ యామా 2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రెండు కాంస్యాలు గెలిచింది ఈ ఆటలోనే కాబట్టి, బంధువులెవరైనా దీన్ని పార్కులో కాలక్షేపమంటే నేను విని ఊరుకోను.

ఆధార్, జనన ధ్రువపత్రం, ఫొటోలు, కోచ్ సంతకం ఒక్క పూటలో సమకూరాయి. సెలవు రోజుల్లో తెల్లవారకముందే రైలెక్కి దాదాపు 60 కిలోమీటర్ల దూరంలోని విశాఖపట్నం రింకుకు వెళ్లడం మాకు ఎప్పుడో అలవాటైపోయింది. అమ్మాయి వెంట మా ఆవిడే వెళ్లాలి కనుక, పండగల ముందు వచ్చే జాకెట్ల కుట్టుపని ఆమె వదులుకుంది.

అసలు చిక్కు స్టడీ సర్టిఫికెట్ దగ్గర వచ్చింది. మా అబ్బాయి కూడా అదే బడిలో పదో తరగతి చదువుతున్నాడు. వాడి రెండో విడత ఫీజుకని దాచిన సొమ్ము చెల్లెలి బూట్లకు ఖర్చయింది. ఆ బూట్లు చీలమండను బిగుతుగా పట్టి ఉండాలే తప్ప, ఎదుగుతుంది కదా అని ఒక సైజు పెద్దవి కొంటే గెంతి దిగేటప్పుడు కాలు మడతపడుతుంది. కనుక పాదం పెరిగిన ప్రతిసారీ కొత్త జత తప్పదు. ఈ సంగతి ఆఫీసు గుమస్తాకు వివరించబోయాను. ఆయన రిజిస్టరులోంచి తల ఎత్తకుండానే, వరుసలో ఉన్న తల్లిదండ్రులందరికీ వినబడేలా, “సక్రాల బూట్లకి డబ్బులున్నాయి గానీ పిల్లోడి ఫీజుకి లేవేటండీ?” అన్నారు. ఎవరో నవ్వారు. తలుపు దగ్గర మా అబ్బాయి నిలబడి ఉన్నాడని నాకు అప్పటిదాకా తెలియదు. ప్రిన్సిపాల్‌ను కలుస్తానంటే బయట బల్లమీద కూర్చోమన్నారు. మధ్యాహ్న భోజనం గంట కొట్టాక, బాకీ తీరితేనే సంతకమని కబురు పంపారు. ఫీజు బాకీ ఉన్న తండ్రిని నిలదీసే హక్కు బడికి ఉందని ఒప్పుకుంటాను. ఆ పని కొడుకు ఎదుట, నలుగురి మధ్య చేసే హక్కు మాత్రం ఎవరూ ఇవ్వలేదు. అన్న బాకీకి చెల్లెలి సర్టిఫికెట్ ఆపడం ఏ న్యాయమో కూడా నాకు బోధపడలేదు.

ఆ రాత్రి ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. మర్నాడు మా ఆవిడ గాజులు తీసి ఇచ్చింది, నేను బ్యాంకులో తాకట్టు పెట్టాను. అబ్బాయి మాత్రం తన లెక్కల ట్యూషన్ మాన్పించమని, పాఠాలు ఫోనులో చూసుకుంటానని తనంతట తానే వాళ్లమ్మతో చెప్పాడు. పతకం వస్తే అమ్మాయి మెడలో పడుతుంది, వీడి ట్యూషన్ సంగతి ఏ దరఖాస్తులోనూ రాయడానికి గడి లేదు. ట్యూషన్ మాన్పించలేదు, నెల జీతం రాగానే ముందుగా ఆ ఫీజే కడుతున్నాను.

మీరు నాలా ఫీజు బాకీ ఉండగా సర్టిఫికెట్ అడగకండి. ఫీజు కట్టిన రోజునే, రసీదు చేతిలో ఉండగానే, పోటీ ఉన్నా లేకపోయినా స్టడీ సర్టిఫికెట్ రెండు ప్రతులు తీసుకోండి. పుట్టిన తేదీ ఆధార్‌తో సరిపోయిందో లేదో కౌంటరు దగ్గరే చూసుకోండి. బంగారం తాకట్టు పెడితే వడ్డీ గడువు రాసి పెట్టుకోండి.

ఎంపిక జాబితాలో అమ్మాయి పేరు వచ్చిందని తెలిసి, అదే గుమస్తా నిన్న ఫోన్ చేసి బడి గేటు దగ్గర ఫ్లెక్సీ వేయిస్తాము, బూట్లతో ఉన్న ఫొటో కావాలన్నారు. పోటీ రోజులకు హాజరు పోకుండా సెలవు మంజూరు చేస్తూ ప్రిన్సిపాల్ సంతకంతో కాగితం ఇచ్చాకే ఫొటో పంపుతానని చెప్పాను.