మోకాళ్లు అరిగాయని కూర్చోబెట్టకండి

"అరిగిన మోకాలితో నడిస్తే ఇంకా అరిగిపోదా అమ్మా?" పెద్దవాళ్లకు వ్యాయామం నేర్పించేటప్పుడు నేను ఎక్కువగా వినే ప్రశ్న ఇదే. ఆ భయం నిజమైనది. అందుకే ప్రతిసారీ మొదటి నుంచీ చెబుతాను.

కీలులో ఎముకల చివర్లను కప్పి ఉండే నున్నటి పొరే మృదులాస్థి, అరిగేది అదే. దానికి రక్తనాళాలు ఉండవు. కీలులోని ద్రవం నుంచే దానికి పోషణ అందాలి, కాలు ఆడితేనే అది బాగా అందుతుంది. కదలకుండా కూర్చుంటే తొడ కండరం సన్నబడి, భారం మరింతగా కీలు మీద పడుతుంది.

నేను మొదట నేర్పేది కుర్చీలోంచి లేవడం. కాస్త ఎత్తుగా, చేతులున్న కుర్చీని గోడకు ఆనించి వేస్తాను. పాదాలు కొంచెం వెనక్కి లాగి, ముందుకు వంగి, మోకాళ్లు లోపలికి వాలకుండా లేవాలి. కూర్చునేటప్పుడు ధబాల్న కూలబడకూడదు. మెల్లగా దిగుతుంటే తొడ బిగుసుకోవడం చేత్తో తాకి చూడమంటాను.

చేస్తున్నప్పుడు ఓర్చుకోగలిగేంత నొప్పి ఉంటే టెన్షన్ పడనక్కర్లేదు. మర్నాటికి మామూలుగా అయిపోవాలి. అవ్వకపోతే మానేయకండి, ఎన్నిసార్లు చేస్తున్నారో అది తగ్గించండి. మోకాలు ఎర్రబడి, వేడిగా వాచినా, బిగుసుకుపోయినా మాత్రం ముందు డాక్టరుకు చూపించాలి.

బరువు ఎక్కువున్నవాళ్లు 1 కిలో తగ్గితే, ప్రతి అడుగులోనూ మోకాలి మీద దాదాపు 4 కిలోల భారం తగ్గుతుంది. ఈ లెక్క వినగానే చాలామంది ముఖాల్లో ఆశ కనిపిస్తుంది, నాకదెంతో ఇష్టం.

ఇంట్లోవాళ్లకు ఒక్క మనవి. "నువ్వు కూర్చో, నేను తెస్తా" అనడం ప్రేమే. కానీ మంచినీళ్లు వాళ్లనే లేచి తెచ్చుకోనివ్వండి. తూలతారని భయమైతే పక్కన నిలబడండి.