చిరపుంజిలో నీళ్ళు మోసిన డిసెంబరు

మా హాస్టల్ గదిలో ఒక రాత్రి నేను అరిచాను. రూమ్‌మేట్ ఇంటి నుంచి తెచ్చుకున్న సీసా మూత తీయగానే గదంతా ఎండు చేపల వాసన కొట్టింది. "బయటికెళ్ళి తినొచ్చు కదా" అన్నాను. ఆ పిల్ల మాట్లాడలేదు. మూత బిగించి, సీసాకి మూడు కవర్లు చుట్టి, అల్మారా అడుగున పెట్టేసింది. పెరుగన్నం తిని పడుకుంది.

మాది రేపల్లె. నిజాంపట్నం రేవు దగ్గరే. మా అమ్మమ్మ డాబా మీద నెత్తళ్ళు ఎండబోస్తే వీధి చివరి దాకా తెలిసేది. ఆ వాసనలోనే పెరిగాను. అయినా ఆ రాత్రి నాకది గుర్తుకు రాలేదు. మా ఇంట్లో ఉంటే కూర, ఆమె సీసాలో ఉంటే కంపు. ఎంత తప్పుగా మాట్లాడానో రెండు వేల పైచిలుకు కిలోమీటర్లు వెళ్ళాక గానీ తెలిసిరాలేదు.

ఆమెది మేఘాలయలో సోహ్రా దగ్గర ఒక ఊరు. మన సోషల్ పుస్తకాల్లో చిరపుంజి అని బట్టీపట్టామే, అదే సోహ్రా. అప్పటికి హైదరాబాద్ వచ్చి ఏడాదిన్నర అయింది. సిటీ బస్సెక్కితే చాలు, ఎవరో ఒకరు "ఏ దేశం మీది?" అని అడిగేవారు. పక్కనే ఉండి నేను నవ్వి ఊరుకునేదాన్ని. సీసా సంగతి జరిగిన నెలకి, "డిసెంబరు సెలవులకి మా ఇంటికి వస్తావా?" అని ఆమే అడిగింది. నేనైతే అడిగి ఉండేదాన్ని కాదు.

ఇంట్లో ఒప్పించడానికి మూడు వారాలు పట్టింది. "అంత దూరమా? అక్కడ ఎప్పుడూ ఏవో గొడవలంటారు కదమ్మా" అన్నారు నాన్న. అమ్మకి తిండి గురించి బెంగ. పిన్నేమో పర్మిట్ కావాలంది. అది కనుక్కున్నాను. అరుణాచల్, నాగాలాండ్, మిజోరం, మణిపూర్‌లకి మనలాంటివాళ్ళు వెళ్ళాలంటే ఇన్నర్ లైన్ పర్మిట్ తీసుకోవాలి, మేఘాలయకి అక్కర్లేదు. చివరికి మా నాన్న, వాళ్ళమ్మ ఫోన్లో మాట్లాడుకున్నారు. ఇద్దరిదీ అంతంతమాత్రం హిందీ. ఏం అర్థమైందో గానీ ఫోన్ పెట్టేసి, "సరే, వెళ్ళిరా" అన్నారు నాన్న.

రైల్లో రెండు రాత్రులు దాటాయి. గౌహతి స్టేషన్ బయట షేర్ సుమో ఎక్కితే షిల్లాంగ్ వంద కిలోమీటర్లు. అక్కడి నుంచి ఇంకో బండిలో సోహ్రా దారి పట్టాం. సాయంత్రం నాలుగున్నర దాటగానే చీకటి పడింది. చలికి పళ్ళు టకటకమంటున్నాయి.

గుమ్మంలో అడుగుపెట్టగానే వాళ్ళమ్మ నా చేతిలో సగం వక్క, సున్నం రాసిన తమలపాకు ముక్క పెట్టింది. దాన్ని క్వాయ్ అంటారు. మనం చుట్టాలు వెళ్ళేటప్పుడు తాంబూలం ఇస్తాం, వాళ్ళు వచ్చీరాగానే ఇస్తారు. వక్క పచ్చిది. నమిలిన నిమిషంలో చెవులు వేడెక్కాయి, తల కాస్త తిరిగింది. వాళ్ళమ్మ నవ్వి పొయ్యి దగ్గరికి జరిగి చోటిచ్చింది. అక్కడ పెద్ద ఆడవాళ్ళని "కాంగ్" అంటారు, అంటే అక్క. టీ కొట్టు నడిపే ఆమె కూడా కాంగే. నేనూ అలాగే పిలిస్తే వాళ్ళమ్మ తల అడ్డంగా ఊపి "మెయి" అను అంది. అమ్మ అని.

ఆ రాత్రి పొయ్యి ముందు కూతురు ఖాసీలోంచి ఇంగ్లీషులోకి మారుస్తుంటే మెయి ఒక మాట చెప్పింది. 2014లో ఢిల్లీలో అరుణాచల్ కుర్రాడు నిడో తానియాని జుట్టు చూసి ఎగతాళి చేసి, ఎదురు తిరిగితే కొట్టారు. ఆ దెబ్బలకి చనిపోయాడు. ఆ వార్త ఆమె మర్చిపోలేదు. కూతురికి హైదరాబాద్‌లో సీటొస్తే పంపాలా వద్దా అని ఎన్నో రాత్రులు నిద్రపోలేదట. నన్ను వాళ్ళ ఊరికి పంపడానికి మా నాన్న భయపడ్డట్టే, కూతుర్ని మా ఊరికి పంపడానికి ఆమె భయపడింది. పైగా ఆమె భయానికి కారణముంది. బస్సులో నేను నవ్వి ఊరుకున్న రోజులు అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. మొహం ఎత్తలేకపోయాను.

పొద్దున్నే నీళ్ళకి బయల్దేరాం. అవును, చిరపుంజిలో నీళ్ళ కరువే. 1860 ఆగస్టు నుంచి 1861 జూలై దాకా ఒక్క ఏడాదిలో 26,461 మిల్లీమీటర్ల వాన కురిసి ప్రపంచ రికార్డు కొట్టిన ఊరది. కురిసిందంతా నిటారు కొండల మీద నుంచి జారి బంగ్లాదేశ్ మైదానాల్లోకి పోతుంది. పలచటి మట్టిలో నిలిచేది తక్కువ. చలికాలం వచ్చేసరికి ఊటల దగ్గర క్యాన్లు వరసకడతాయి. వెదురు బుట్ట వీపున పెట్టి, దాని పట్టీ నుదుటికి తగిలించి ఎక్కాలి. రెండు క్యాన్లతో ఇరవై మెట్లు ఎక్కేసరికి నా మెడ పట్టేసింది. మెయి మూడు క్యాన్లతో కబుర్లు చెప్పుకుంటూ ఎక్కుతోంది. వానలు ఎక్కువ పడే ప్రదేశం అని రాసి మార్కులు తెచ్చుకున్న జవాబు పక్కన ఆ క్యాన్లు ఏ పుస్తకంలోనూ లేవు.

అందరూ చూడమనే వేళ్ళ వంతెన కూడా చూశాను. రబ్బరు మర్రి వేళ్ళని వాగు మీదుగా అవతలి ఒడ్డుకి అల్లుతారు. బరువు మోసేంత గట్టిపడటానికి ఏళ్ళకేళ్ళు పడుతుంది. అయినా నా మనసు వంతెన కన్నా ఆ ఇంట్లోనే ఎక్కువగా నిలిచింది.

ఖాసీల్లో ఇంటిపేరు తల్లిది. పిల్లలు తల్లి వంశానికి చెందుతారు. ఆఖరి కూతురు, వాళ్ళ మాటలో ఖద్దూ, పుట్టింట్లోనే ఉంటుంది. ఇల్లు ఆమెకే. పెళ్ళయ్యాక భర్తే అక్కడికి వస్తాడు. మా రూమ్‌మేట్ నాన్న అలా వచ్చినవాడే. మన దగ్గర "ఇల్లరికం" అనే మాటలో ఎంత చులకన ఉందో తెలిసిందే. ఆయన మాత్రం దర్జాగా కోళ్ళకి గింజలు చల్లుతూ నాకు ఊరి కబుర్లు చెప్పాడు. మేనమామ మాటకి మనలాగే బాగా విలువ.

"నీకెంత అదృష్టమో" అన్నాను. కట్నం, అప్పగింతలు చూస్తూ పెరిగినదాన్ని కదా. ఆమె కాసేపు ఆగి, "నాకు బెంగళూరులో ఉద్యోగం వస్తే అమ్మని ఎవరు చూస్తారు?" అంది. ఆఖరి కూతురు ఆమే. ఇంటితో పాటు అమ్మానాన్నల బాధ్యత కూడా ఆమెదే. ఊరి దర్బారులో, అంటే గ్రామసభలో మాత్రం పూర్వం నుంచీ మగవాళ్ళదే మాట. వాళ్ళది స్వర్గమనీ, మనది వెనకబాటనీ రాసుకోవాలనుకున్న డైరీ పేజీ అలాగే ఉండిపోయింది.

పదకొండో రోజు తిరుగు ప్రయాణం. హాస్టల్‌కి రాగానే అల్మారా అడుగునున్న సీసా నేనే తీశాను. టుంగ్‌టాప్ అంటారు, ఎండు చేపల పచ్చడి. వేడన్నంలో కలుపుకుంటే మా అమ్మమ్మ చేసే ఎండు నెత్తళ్ళ కారానికి దగ్గరగా ఉంది. ఆ రాత్రి అరిచినందుకు క్షమించమని అప్పుడు అడిగాను. "అది ఎప్పుడో మర్చిపోయాను" అంది గానీ, కళ్ళు తుడుచుకుంది.

తర్వాత ఒకరోజు బస్సులో ఒకాయన మళ్ళీ అదే ప్రశ్న వేశాడు. "ఈ దేశమేనండీ, చిరపుంజి" అన్నాను తెలుగులో. ఆయన నొచ్చుకుని, "అవునా తల్లీ, వానలు బాగా పడతాయట కదా" అని ఆమెకి సీటిచ్చాడు. దిగేదాకా నీళ్ళ క్యాన్ల గురించి చెప్తూనే ఉన్నాం.

సంక్రాంతికి ఆమె రేపల్లె వచ్చింది. అమ్మమ్మకి హిందీ రాదు, ఆమెకి తెలుగు నాలుగు ముక్కలే. డాబా మీద ఇద్దరూ కూర్చుని నెత్తళ్ళ తలలు తీశారు. వెళ్ళే రోజు అమ్మమ్మ ఒక పొట్లం కట్టి, "మీ అమ్మకి ఇవ్వు" అని ఆమె చేతిలో పెట్టింది. రైల్లో వాసన వస్తుందేమోనని నేను కవర్లు వెతుకుతుంటే, "ఒక్కటి చాల్లేవే" అంది అమ్మమ్మ.